శర శశి షట్క చంద్ర: ఒక ఇరవై అంకెల సంఖ్యను విప్పి చూస్తే

శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు.

పదకొండో శతాబ్దపు గణిత కవి పావులూరి మల్లనదిగా చెప్పుకునే పద్యంలో సంధులు విడదీస్తే వరసగా వచ్చే ఇరవై మాటలివి. పైకి కొండలూ చంద్రుళ్ళూ ఏనుగులూ కలగలిపిన వర్ణనలా ఉంటుంది గానీ ఇది అచ్చంగా ఒక సంఖ్య. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్ళకూ కలిపి ఎన్ని గింజలన్న లెక్కకు జవాబు.

ఈ పద్ధతిని భూతసంఖ్యలంటారు. శరం మన్మథుడి బాణం, అవి అయిదు, సాయకమూ అదే. శశి, చంద్రుడు, తుహినాంశుడు ఎవరైనా ఒక్కడే. దేహానికి రంధ్రాలు తొమ్మిది. వియత్తు, గగనం ఆకాశమే, కనుక సున్న. నగం, భూధరం, గిరి మూడూ కొండలు, కులపర్వతాలు ఏడు. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, షట్కం అంటేనే ఆరు, తర్కాలూ ఆరు, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిగ్గజాలు ఎనిమిది. తికమక పెట్టేది సముద్రం ఒక్కటే. పురాణాల అలవాటులో ఏడు అనబోతాం, ఈ పద్యంలో మాత్రం అబ్ధి అన్నా పయోనిధి అన్నా నాలుగు. ఇంకో సంగతి, అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమకు నడుస్తాయి. అలా పేర్చితే వచ్చేది:

1,84,46,74,40,73,70,95,51,615

నోటితో చదవాలంటే, ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆ పైన తొంభై అయిదు లక్షల యాభై ఒక వేల ఆరు వందల పదిహేను. ఈ అంకెల వరసలో ఏ పొందికా కనిపించదు, లాటరీ టికెట్టు నంబరులా ఉంటుంది. కానీ దీనికి ఒక్కటి కలపండి, సరిగ్గా 2⁶⁴ అవుతుంది. దీని గుణాల్లో చెప్పుకోదగ్గవన్నీ ఆ తక్కువైన ఒక్కటి దగ్గరే ఉన్నాయి.

ఒక్కటి ఎందుకు తగ్గిందో ముందు తేల్చుకుందాం. మొత్తం గింజలను రెట్టింపు చేస్తే 1+2+4+… అనేది 2+4+8+… అవుతుంది, చివర 2⁶⁴ వచ్చి చేరుతుంది. ఇందులోంచి అసలు మొత్తాన్ని తీసేస్తే మధ్యవన్నీ కొట్టుకుపోయి 2⁶⁴ − 1 మిగులుతుంది. అంటే ఏ గడి చూసినా దాంట్లోని గింజలు అంతకు ముందున్న గళ్ళన్నిటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే సగం బల్ల నిండేసరికి 86 టన్నుల ధాన్యం, పది టైర్ల లారీలు అయిదారు చాలు. మిగతా సగం కూడా నింపితే సుమారు 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నుల ప్రాంతం కనుక నాలుగున్నర శతాబ్దాల పంట దాటిపోతుంది.

చేత్తో లెక్కకట్టడం

అరవై నాలుగు సార్లు రెట్టించనక్కర్లేదు. పింగళుడి ఛందస్సు సూత్రాల్లోనే దీనికి దారి ఉంది: ఘాతాన్ని సగం చేస్తూ పోవడం, వెనక్కి వచ్చేటప్పుడు వర్గం చేస్తూ రావడం. 64 ఆరు సార్లు సగమై 1 అవుతుంది కనుక ఆరు వర్గాలు చాలు. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది మనకు కావలసింది. చివరి వర్గం ఒక్కటే బరువు. 4294967296ని అయిదు అంకెల దగ్గర 42949, 67296 అని విరిచి మూడు గుణకారాలు చేయాలి:

42949 వర్గం 1844616601. పక్కన పది సున్నలు.
42949 × 67296కి రెట్టింపు 5780591808. పక్కన అయిదు సున్నలు.
67296 వర్గం 4528751616. సున్నలు అక్కర్లేదు.

మూడూ కూడితే 18446744073709551616. ఒకటి తీస్తే పద్యంలోని సంఖ్య. తప్పులు దాదాపు ఎప్పుడూ రెండో వరసలోనే జరుగుతాయి: రెట్టింపు చేయడం మర్చిపోవడమో, సున్నలు నాలుగే వేయడమో.

సరిచూసుకోవడానికి మళ్ళీ మొదటి నుంచి లెక్క కట్టకూడదు, అదే తప్పు మళ్ళీ చేస్తాం. వేరే దారి పట్టాలి. అంకెలన్నీ కూడితే 87, మళ్ళీ కూడితే 15, మళ్ళీ 6. అంటే 9తో భాగిస్తే శేషం 6 రావాలి. అటువైపు 2 ఘాతాలను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరుగుతాయి. 64ను 6తో భాగిస్తే 4 మిగులుతుంది, నాలుగోది 7, ఒకటి తీస్తే 6. సరిపోయింది. ఇప్పుడు ఎవరైనా అబ్ధినీ పయోనిధినీ ఏడేసి అనుకున్నారనుకోండి, అంకెల మొత్తం 93 అవుతుంది, శేషం 3. వెంటనే దొరికిపోతారు.

అయితే పక్కపక్క అంకెలు తారుమారైతే తొమ్మిది పరీక్ష పట్టుకోలేదు, మొత్తం మారదు కాబట్టి. అక్కడ 1001 పనికొస్తుంది. 7 × 11 × 13 = 1001 కనుక కుడి నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ పోతే మూడు పరీక్షలు ఒకేసారి అయిపోతాయి: 615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016. ఇందులోంచి 1001 పోతే 15. కాబట్టి ఈ సంఖ్యను 7తో భాగిస్తే శేషం 1, 11తో 4, 13తో 2. 2 ఘాతాల శేషాల చక్రాలు తిప్పి చూసినా ఇవే వస్తాయి. మూడేసి అంకెల విడదీత ఇక్కడ తప్పనిసరి. లక్షలు కోట్ల కామాలను నమ్ముకుని రెండేసి విడదీస్తే జవాబు చెడుతుంది.

ముక్కలు ఎలా ఊడతాయి

పది ఆధారంగా రాసినప్పుడు ఈ సంఖ్య ఏమీ చెప్పదు. రెండు ఆధారంగా రాస్తే అరవై నాలుగు ఒకట్లు, అంతే. నాలుగు ఆధారంగా రాస్తే ముప్ఫై రెండు మూళ్ళు, కనుక 3తో తెగుతుంది. పదహారు ఆధారంగా రాస్తే ప్రతి స్థానంలోనూ 15, అలాంటివి పదహారు, కనుక 15తో తెగుతుంది, 5 వచ్చి చేరింది. 256 ఆధారంగా ఎనిమిది 255లు, 255 అంటే 3 × 5 × 17. 65536 ఆధారంగా నాలుగు 65535లు, ఇప్పుడు 257 కూడా చేరింది. ఎనిమిది ఆధారంగా రాస్తే మాత్రం ముందు ఒక 1, దాని వెనక ఇరవై ఒక్క 7లు. ఆ ముందున్న 1 వల్లే 7తో భాగించినప్పుడు శేషం 1 వచ్చింది.

బీజగణితంలో ఇది బళ్ళో నేర్చుకున్న a² − b² సూత్రమే. 2⁶⁴ − 1 అంటే (2³² − 1)(2³² + 1). మొదటి దాన్ని మళ్ళీ విడదీయవచ్చు, దాన్లో మొదటి దాన్ని మళ్ళీ. చివరికి మిగిలేవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇవి గణితవేత్త ఫెర్మా పేరు మీద ఉన్న ఫెర్మా సంఖ్యలు. ఒక్కొక్కటీ 2, 4, 16, 256 వరసకు ఒకటి కలిపితే వచ్చేది. వీటిలో ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ఎందుకంటే ప్రతిదీ తనకు ముందున్న వాటన్నిటి లబ్ధం కంటే సరిగ్గా 2 ఎక్కువ. ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2నూ భాగించాలి, ఇవన్నీ బేసి సంఖ్యలు. ఇలాంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని తాను నమ్ముతున్నట్టు ఫెర్మా 1640లో ఉత్తరాల్లో రాశాడు. మొదటి అయిదూ ఆ మాట నిలబెట్టాయి. ఆరోది, 4294967297, దాన్ని పడగొట్టింది. 1732లో ఆయిలర్ 641తో తెగుతుందని చూపించాడు.

ఆయిలర్ 641ని ఎలా పట్టుకున్నాడన్నదే అసలు రుచి. 3, 7, 11 అని వరసగా భాగించుకుంటూ పోతే 641కి చేరడానికి నూట పదమూడు ప్రధాన సంఖ్యలు దాటాలి. శేషాల చక్రం ఈ పని తప్పిస్తుంది. ఏదైనా బేసి ప్రధాన సంఖ్యను తీసుకుని 2, 4, 8, 16… లను దానితో భాగించుకుంటూ పోండి, ఎప్పుడో ఒకప్పుడు శేషం 1 వస్తుంది, అక్కణ్ణుంచి చక్రం మొదలు. 17 తీసుకుంటే 2, 4, 8, 16, 15, 13, 9, 1, చక్రం పొడవు 8. 11కి పొడవు 10, 13కి 12. మన సంఖ్యను భాగించాలంటే 64వ ఘాతం దగ్గర శేషం 1 రావాలి, అంటే చక్రం పొడవు 64ను నిశ్శేషంగా భాగించాలి. 8 భాగిస్తుంది, 10, 12 భాగించవు. 11, 13, 19 లాంటివన్నీ ఇక్కడే రాలిపోతాయి.

4294967297 విషయంలో షరతు ఇంకా గట్టిది. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య p దగ్గర 32వ ఘాతం శేషం −1 కావాలి, కనుక చక్రం పొడవు 32 కాదు, సరిగ్గా 64. ఆ పొడవు ఎప్పుడూ p − 1ని భాగిస్తుంది, ఇది మళ్ళీ ఫెర్మా చెప్పిన సిద్ధాంతమే. అంటే p అన్నది 64కి ఏదో గుణిజం, పైన ఒకటి. 65, 129, 193, 257… వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలో దొరుకుతుంది. 1878లో ఎడ్వార్డ్ లూకా దీన్ని ఇంకా బిగించి 64 స్థానంలో 128 వేయవచ్చని చూపించాడు. అప్పుడు మిగిలేవి 257, 641 మాత్రమే. 257 తానే ఒక ఫెర్మా సంఖ్య, ఉమ్మడి కారణాంకాలు లేవని పైన చూశాం కాబట్టి అదీ పోతుంది. ఒక్కటంటే ఒక్క భాగహారం. (హనోయి గోపురం ఆటను 1883లో ప్రచారంలోకి తెచ్చిందీ ఈ లూకాయే. అరవై నాలుగు పళ్ళాలను ఒక కడ్డీ నుంచి ఇంకోదానికి మార్చడానికి పట్టే ఎత్తుల సంఖ్య మన ఇరవై అంకెల సంఖ్యే. సెకనుకో ఎత్తు వేస్తే 58,454 కోట్ల ఏళ్ళు.)

ఆ ఒక్క భాగహారం కూడా పది అంకెలతో చేయక్కర్లేదు. 65536ను 641తో భాగిస్తే శేషం 154. 154 వర్గం 23716. 641 × 37 = 23717. ఒక్కటి తక్కువ! అంటే 2³² శేషం −1, దానికి 1 కలిపితే సున్న. అయిపోయింది.

4294967297ని 641తో భాగిస్తే 6700417. ఇది ఇంకా విడిపోతుందా? దీని వర్గమూలం 2588, 2589ల మధ్య ఉంది. అంతలోపు 128 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేవి ఇరవై సంఖ్యలు, వాటిలో ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. మొదటిది ఎలాగూ చెల్లదు. మిగతా నాలుగింటితో 6700417ను భాగిస్తే శేషాలు వరసగా 44, 120, 334, 622. ఏదీ సున్న కాదు, కనుక 6700417 ప్రధాన సంఖ్య. ఏడు అంకెల సంఖ్య సంగతి నాలుగు భాగహారాలతో తేలడం ఊరికే జరగలేదు. సంఖ్య పుట్టుక తెలిసింది కాబట్టి జరిగింది. పుట్టుక తెలియని ఏడు అంకెల సంఖ్య ఇచ్చి ఉంటే 2588 లోపు ప్రధాన సంఖ్యలన్నీ తిప్పాల్సిందే.

కాబట్టి పూర్తి విభజన: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. ప్రతిదాన్నీ ఉంచడమో తీయడమో రెండే దారులు కనుక భాజకాలు 2⁷, అంటే 128. అవన్నీ కూడితే 31421980989189888768, అసలు సంఖ్యకు 1.7 రెట్లు. రెండు రెట్లయితే పరిపూర్ణ సంఖ్య అయ్యేది, అంత దూరం పోలేదు.

ఈ ఏడింటిలో రెండు వేరే జాతివి. 3, 5, 17, 257, 65537 మాత్రమే ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు. స్కేలు, వృత్తలేఖినితో గీయగలిగే క్రమ బహుభుజులకు ఇవే ఆధారం. 17 భుజాలది సాధ్యమని 1796లో గాస్ చూపాడు. ఇవి తప్ప ఇంకేవీ కుదరవన్న రెండో సగాన్ని 1837లో వాంట్‌జెల్ రుజువు చేశాడు. ఈ అయిదింటిని ఒక్కోసారి మాత్రమే వాడి గుణిస్తే 31 సంఖ్యలు వస్తాయి. గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజులు అన్నే. వాటిలో పెద్దది 4294967295 భుజాలది, అంటే సగం బల్ల గింజలన్ని. పూర్తి బల్ల గింజలన్ని భుజాలు గీయలేం, 641 అడ్డొస్తుంది. ఇక 65537 ఈ రోజుల్లో ఆన్‌లైన్ భద్రత కోసం వాడే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో ఘాతంగా కూర్చుంది. రెండు ఆధారంగా రాస్తే దాంట్లో ఒకట్లు రెండే, కనుక పదహారు వర్గాలూ ఒక్క గుణకారంతో పని తెములుతుంది.

యంత్రంలో ఎక్కడ చెడుతుంది

64 బిట్ల కంప్యూటరులో గుర్తు (+, −) లేని పూర్ణసంఖ్యకు ఇదే గరిష్ఠ విలువ, అన్ని బిట్లూ ఒకట్లే. సీ భాషలో దీనికి 1 కలిపితే సున్న అవుతుంది, ఏ హెచ్చరికా రాదు. అదే బిట్లను గుర్తున్న సంఖ్యగా చదివితే −1. అందుకే ప్రోగ్రాము రాసుకునే లాగ్‌లో ఉన్నట్టుండి 18446744073709551615 కనబడితే అంత పెద్ద లెక్క ఏదో జరిగిందని కంగారు పడక్కర్లేదు; దాదాపు ప్రతిసారీ సున్నలోంచి ఒకటి తీసిన చోటు ఒకటి ఉంటుంది. ఖాళీ జాబితా పొడవులోంచి ఒకటి తీయడం, వెనక నుంచి లెక్కపెట్టే లూపును సున్న దగ్గర ఆపకపోవడం మామూలు కారణాలు. గుర్తు లేని సంఖ్య సున్న కంటే తక్కువ కాలేదు గనక అలాంటి లూపు ఆగదు కూడా. జావాలో గుర్తు లేని 64 బిట్ల రకమే లేదు, అక్కడి 64 బిట్ల గరిష్ఠం 9223372036854775807, అంటే ఒక గడి తక్కువ బల్ల.

దశాంశాలకు వాడే రకంలో తంటా వేరు. అందులో 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది, మనకు 64 కావాలి. 2⁶⁴కు దిగువన ఆ రకం గుర్తుంచుకోగలిగే మొదటి సంఖ్య 18446744073709549568, మధ్య ఖాళీ 2048. మన సంఖ్య ఆ ఖాళీలో పడి దగ్గర్లో ఉన్న 2⁶⁴కు అతుక్కుంటుంది. ఒక్కటి తీసినా తీయకపోయినా తేడా ఉండదు. జావాస్క్రిప్ట్ దాన్ని 18446744073709552000 అని చూపిస్తుంది. ఎక్సెల్ పదిహేను అంకెలకు మించి పట్టించుకోదు: ఇరవై అంకెలూ టైపు చేస్తే చివరి అయిదూ సున్నలై 18446744073709500000, సూత్రంగా రాస్తే సవరించి 18446744073709600000. ఒకే సంఖ్యకు రెండు జవాబులు, రెండూ తప్పే. గడిని ముందే టెక్స్టుగా మార్చి టైపు చేస్తే అంకెలు నిలుస్తాయి, కానీ లెక్క చేయలేం. లెక్క కావాలంటే పైథాన్ లాంటి భాషకు పోవాలి, అందులో పూర్ణసంఖ్యలకు హద్దు లేదు.

ఈ తప్పులను పట్టడానికి తొమ్మిది పరీక్ష దాకా కూడా వెళ్ళక్కర్లేదు. రెండు ఘాతంలోంచి ఒకటి తీస్తే చివరి అంకెలు 1, 3, 7, 5 అని నాలుగింటికోసారి తిరుగుతాయి. 64 నాలుగుతో తెగుతుంది కనుక చివర 5 ఉండి తీరాలి. తెర మీద ఆ చోట సున్న ఉంది. పద్యంలో అదే చోట ఉన్న మాట శర.